గ్రానైటు యూనిట్‌కు ఉమ్మడి క్యాలెండరు సరిపోతుందా, ప్రాజెక్టు సాఫ్ట్‌వేరు కావాలా?

చీమకుర్తిలో కోత, పాలిష్ యూనిట్ నడుపుతూ ఒంగోలులో చిన్న ఆఫీసు పెట్టుకున్న మీరు అడిగింది ఇది: పద్నాలుగు మంది ఉన్న బృందానికి అందరూ చూసుకునే ఉమ్మడి క్యాలెండరు ఒకటి పెట్టుకుంటే సరిపోతుందా, లేక నెలనెలా తలకింత అని కట్టి ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేరు తీసుకోవాలా అని. గడిచిన రెండు నెలల్లో రెండుసార్లు కంటైనరు కటాఫ్ (ఓడ కోసం కంటైనరును పోర్టుకు చేర్చాల్సిన ఆఖరి గడువు) దాటిపోయిందని, ఒకే రోజు ఇద్దరు బయ్యర్ల ఇన్‌స్పెక్టర్లు వచ్చి యార్డులో ఎదురెదురు పడ్డారని, వాట్సాప్ గ్రూపులో చెప్పిన మార్పు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు కంట పడక మూడు సెంటీమీటర్ల మందపు స్లాబులు రావలసిన బ్లాకును రెండు సెంటీమీటర్లకు కోసేశారని కూడా రాశారు. నేను 2010 నుంచి ఐదేళ్లు కావలి దగ్గర తీరంలో ఒక రొయ్యల హేచరీలోను, 2015 నుంచి ఒంగోలులో గ్రానైటు ఎగుమతుల ఆఫీసులోను పనుల సమన్వయం చూస్తున్నాను. రెండు రకాల సాఫ్ట్‌వేర్లూ చేత్తో వాడినవాడిని గనుక కొంచెం విపులంగా రాస్తున్నాను.

నా సలహా ముందే చెప్పేస్తాను. మీ యూనిట్‌కు ప్రాజెక్టు సాఫ్ట్‌వేరు కావాలి. అయితే అది పద్నాలుగు మందికీ అక్కర్లేదు, ఆర్డరు నడిపే ఐదుగురికి చాలు. తక్కినవాళ్లకు ఖర్చు లేని ఉమ్మడి క్యాలెండరు సరిపోతుంది. ఈ నిర్ణయానికి ఎలా వచ్చానో కూడా చెబితే, రేపు మీ వ్యాపారం మారినప్పుడు మళ్లీ ఎవరినీ అడగకుండా మీరే తేల్చుకోగలుగుతారు.

సాఫ్ట్‌వేరు అమ్మేవాళ్లు ఏమేమి ఫీచర్లు ఉన్నాయో పట్టిక వేసి చూపిస్తారు. క్యాలెండర్లలోకి పనుల జాబితాలు వచ్చి చేరాయి, ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్లలోకి క్యాలెండర్లు వచ్చి చేరాయి గనుక, ఆ పట్టికలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా దాదాపు కనిపించదు. అందుకని నేను వాటిని వదిలేసి ఒక్క ప్రశ్న వేసుకుంటాను: మన పనిలో ఒక తేదీ ముందుకో వెనక్కో జరిగితే, దానితో పాటు ఇంకెన్ని తేదీలు జరగాలి? ఏదీ జరగనక్కర్లేదంటే క్యాలెండరు చాలు. నాలుగైదు జరగాలి, అవి నాలుగైదుగురు వేర్వేరు మనుషుల చేతుల్లో ఉన్నాయి అంటే, క్యాలెండరు ఎప్పుడో ఒకప్పుడు మిమ్మల్ని ఇబ్బందిలో పెడుతుంది.

హేచరీలో మేము క్యాలెండరుతోనే ఐదేళ్లూ నడిపాము. 2009లో వనామీ రకం రొయ్యల సాగుకు అనుమతి వచ్చాక మన తీరంలో ఆ పని పెరిగింది. బ్రూడర్లు, అంటే పిల్లల్ని ఇచ్చే పెద్ద రొయ్యలు, విదేశాల నుంచి విమానంలో దిగి, చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో గడువు పూర్తి చేసుకుని హేచరీకి వచ్చేవి. అక్కడి నుంచి అంతా లెక్క ప్రకారమే జరిగేది. నాప్లీని (గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లను) ట్యాంకులో వదిలిన రోజు తెలిస్తే, దాని తరువాతి జోయియా మూడు దశలు ఎప్పటికి దాటుతుందో, మైసిస్ దశ ఎప్పుడు మొదలవుతుందో, పీఎల్ పది (పోస్ట్ లార్వా దశలో పదో రోజు) ఎప్పటికి అవుతుందో, ఆల్గే మేత ఎప్పటిదాకా ఇవ్వాలో, ఆర్టీమియా మేత ఏ రోజు మొదలుపెట్టాలో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పవచ్చు. పిల్ల ఎదుగుదలను ఏ మేనేజరూ వాయిదా వేయలేడు. అందుకే ట్యాంకుకు ఒక రంగు చొప్పున గూగుల్ క్యాలెండరులో వరుసగా ఎక్కించేవాళ్లం. గోడ మీది తెలుగు క్యాలెండరు చూసి అమావాస్య, పౌర్ణమి కూడా అందులో చేర్చాము. ఆ రోజుల చుట్టుపక్కల రొయ్య గుల్ల విడుస్తుందని రైతులు సీడ్ (రొయ్య పిల్ల) తీసుకెళ్లే తేదీని అటూ ఇటూ మార్చమని అడిగేవారు. ఏదైనా ట్యాంకులో పిల్ల చనిపోతే ఆ రంగు వరుస మొత్తం తీసేసేవాళ్లం, అంతే. పక్క ట్యాంకు తేదీలకు దానితో సంబంధమే లేదు. అలాంటి పనికి ప్రాజెక్టు సాఫ్ట్‌వేరు కొని ఉంటే అది మాకు అదనపు చాకిరీ అయ్యేది.

గ్రానైటు పని నడక వేరు. బ్లాక్ గెలాక్సీ అనే మన నల్ల గ్రానైటులో బంగారు చుక్క ఎంత దట్టంగా, ఎంత సమంగా ఉందో చూసి బయ్యరు ధర కడతాడు గనుక, ఆర్డరు అసలు మొదలయ్యేది క్వారీలో బ్లాకు ఎంపిక దగ్గర. బ్లాకు మార్కింగ్ కాకపోతే లారీ రాదు. లారీ రాకపోతే గ్యాంగ్‌సా (బ్లాకును స్లాబులుగా కోసే యంత్రం) ఖాళీగా ఉన్నా ఉపయోగం లేదు. బ్లాకు ఒకసారి గ్యాంగ్‌సా ఎక్కితే రోజుల తరబడి దిగదు. స్లాబు దిగాక రెసిన్, పాలిష్, కొలతలు, ఇన్‌స్పెక్షన్, చెక్క ప్యాకింగ్, కంటైనరు లోడింగ్, ఆ పైన పోర్టులో కటాఫ్. ఈ లోపల పక్కనే కాగితాల పని: ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం), 2016 జులై 1 నుంచి తప్పనిసరి అయిన కంటైనరు బరువు ధృవీకరణ పత్రం. ఒక ఆర్డరులో ఇలా పన్నెండు నుంచి పదిహేను అడుగులు ఉంటాయి. కాగితాల పని తప్ప దాదాపు ప్రతి అడుగూ వెనకటి అడుగు పూర్తయితేనే మొదలవుతుంది, ప్రతి రెండు మూడు అడుగులకూ మనిషి మారతాడు.

ఇది నాకు 2023 డిసెంబరు తొలివారంలో బాగా అర్థమయింది. మిచౌంగ్ తుఫాను చెన్నైని ముంచెత్తి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. చెన్నై పోర్టులో పనులు ఆగాయి, ఓడల తేదీలు మారాయి, ఇటు మా యూనిట్‌లో కరెంటు లేక పాలిష్ లైను నిలిచిపోయింది. అప్పటికి మా చేతిలో మూడు ఆర్డర్లు, నాలుగు కంటైనర్లు ఉన్నాయి, అన్నీ ఉమ్మడి క్యాలెండరులోనే ఉన్నాయి. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని ఒక్కొక్క ఎంట్రీని తెరిచి కొత్త తేదీకి మార్చుకుంటూ పోయాను. మొత్తం ఇరవై ఏడు ఎంట్రీలు. ఇరవై ఐదు మార్చాను, రెండు నా కంట పడలేదు. అందులో ఒకటి చెక్క ప్యాకింగ్ మేస్త్రి రావలసిన రోజు, రెండోది ఇన్‌స్పెక్షన్. బయ్యరు తరఫు ఇన్‌స్పెక్టరు బెంగళూరు నుంచి రాత్రి బస్సులో వచ్చి 12వ తేదీ పొద్దున యార్డులో దిగేసరికి స్లాబులు ఇంకా పాలిష్ లైను మీదే ఉన్నాయి. సూపర్‌వైజరును పిలిచి అడిగితే, "సార్, క్యాలెండర్లో పన్నెండే ఉంది గదా, ఆయన రానున్నాడని గేటు దగ్గర గూడా చెప్పి పెట్టాను" అన్నాడు. ఆయన తప్పు ఏమీ లేదు. క్యాలెండరు చూసుకుని నడుచుకోమని ఆయనకు చెప్పింది నేనే. ఆ ఇన్‌స్పెక్టరును ఒంగోలు తీసుకెళ్లి హోటల్లో ఉంచి, రెండు రోజుల తరువాత మళ్లీ యార్డుకు తీసుకొచ్చాము. ఇరవై ఏడు ఎంట్రీలు ఒకదానికొకటి తెలియని ఇరవై ఏడు చీటీల్లా ఉన్నాయని నాకు ఆ రోజు తెలిసింది.

ప్రాజెక్టు సాఫ్ట్‌వేరుకూ క్యాలెండరుకూ అసలు తేడా ఇక్కడే ఉంది. అందులో "కోత అయ్యాక పాలిష్, పాలిష్ అయ్యాక కొలతలు" అని పనులను ఒకదానికొకటి కట్టవచ్చు. కోత మూడు రోజులు జరిగితే దాని వెనక కట్టినవన్నీ మూడు రోజులు జరుగుతాయి. ఈ ఆలోచన కొత్తది కాదు. పనులను అడ్డగీతలుగా గీసి చూపే చార్టును హెన్రీ గాంట్ 1910లలో ప్రచారంలోకి తెచ్చారు. 1950ల చివర డ్యూపాంట్ కంపెనీలో క్రిటికల్ పాత్ పద్ధతి, అమెరికా నౌకాదళం పోలారిస్ క్షిపణి పనిలో పెర్ట్ పద్ధతి రూపుదిద్దుకున్నాయి. మీకు ఆ పేర్లతో పని లేదు గానీ, అందులోని సారం మాత్రం చాలా అవసరం: ఏ పని ఆలస్యమైతే ఓడ తప్పిపోతుంది, ఏ పని ఆలస్యమైనా ఓడకు ఏమీ కాదు అన్నది ముందే తెలియాలి. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు ముసాయిదాలను పాలిష్ జరుగుతుండగానే చేసుకోవచ్చు గనుక వాటికి రెండు మూడు రోజుల వెసులుబాటు ఉంటుంది. గ్యాంగ్‌సాకు అలాంటి వెసులుబాటు లేదు. అక్కడ ఒక రోజు పోతే చివర ఒక రోజు పోయినట్టే. మీకు కటాఫ్ దాటిపోయిన రెండుసార్లూ ఆలస్యం పోర్టు దగ్గర జరిగిందని మీరు రాశారు. ఆ రెండు ఆర్డర్ల తేదీలు తీసి చూడండి. నా అనుభవంలో చివరి రోజున బయటపడే ఆలస్యం పది రోజుల ముందు బ్లాకు మార్కింగ్ దగ్గరో, బ్లేడు మార్చేటప్పుడో మొదలై ఉంటుంది, ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ పోర్టు దాకా వస్తుంది.

రెండు, మూడు సెంటీమీటర్ల తప్పు సంగతి వేరుగా చూడాలి, ఎందుకంటే అందులో తేదీ పొరపాటు లేదు. బయ్యరు మందం మార్చాడు, మార్కెటింగ్ అబ్బాయి గ్రూపులో రాశాడు, ఆ తరువాత ఎవరో పుట్టినరోజు శుభాకాంక్షలు పెడితే నలభై మెసేజీలు వచ్చి అది పైకి పోయింది. క్యాలెండరు ఉన్నా ఈ తప్పు ఆగేది కాదు. ప్రాజెక్టు సాఫ్ట్‌వేరులో ఆర్డరుకు ఒక కార్డు ఉంటుంది. మందం, కొలతలు, ఫినిష్, బ్లాకు నెంబర్లు, బయ్యరు పంపిన కాగితం, వాటిలో ఎవరు ఏ రోజు ఏమి మార్చారన్న చరిత్ర అంతా ఆ కార్డులోనే ఉంటుంది. అయితే ఇది తనంతట తాను పని చేయదు. "కార్డులో లేని మార్పు మార్పే కాదు" అని మీరు గట్టిగా ఒక నియమం పెట్టాలి, యజమానిగా మీరే మొదట దాన్ని పాటించాలి. మీరు ఫోను చేసి నోటిమాటగా మందం మార్చిన రోజున ఆ సాఫ్ట్‌వేరుకు కట్టిన డబ్బు వృథా అయినట్టే.

ఇక ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు ఒకే రోజు రావడం పూర్తిగా క్యాలెండరు సంగతి. దానికోసం పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు. గూగుల్ క్యాలెండరులో "యార్డు సందర్శనలు" అని ఒక ప్రత్యేక క్యాలెండరు చేసి అందరికీ పంచుకోండి. ఎంట్రీలు మార్చే హక్కు మాత్రం ఇద్దరికే ఇవ్వండి, తక్కినవాళ్లకు చూసే హక్కు చాలు. ఇక్కడ చాలామంది బోల్తాపడే విషయం ఒకటి ఉంది. పంచుకున్న క్యాలెండరులో మీరు రిమైండరు పెడితే అది మీ ఫోనులోనే మోగుతుంది. అదే ఎంట్రీ చూస్తున్న సూపర్‌వైజరు ఫోనులో మోగాలంటే ఆ క్యాలెండరుకు ఆయన ఫోనులో ఆయన అకౌంటు నుంచే రిమైండరు పెట్టాలి. మొదటి రోజే ఒక్కొక్కరి ఫోను తీసుకుని పక్కన కూర్చుని పెట్టించండి. ఇంకొకటి: తప్పకుండా రావలసిన మనిషిని ఎంట్రీలో అతిథిగా చేర్చి ఆహ్వానం పంపండి, అప్పుడు ఆయన వస్తానో రానో నొక్కితే మీకు కనిపిస్తుంది. ఊరికే పంచుకున్న క్యాలెండరులో పెడితే ఎవరు చూశారో ఎవరు చూడలేదో మీకు తెలిసే దారి లేదు.

రెండింటినీ కలిపి వాడేటప్పుడు ఒకే తేదీ రెండు చోట్ల ఉండకూడదు. బయ్యరు ఆర్డరు నుంచి పుట్టే తేదీలన్నీ ప్రాజెక్టు సాఫ్ట్‌వేరులోనే ఉండాలి. సెలవులు, సందర్శనలు, కరెంటు కోతలు, పండుగలు, జీతాల రోజు లాంటివి క్యాలెండరులో ఉండాలి. ప్రాజెక్టు సాఫ్ట్‌వేరులోని తేదీలు క్యాలెండరులో కూడా కనిపించాలని మీకు అనిపిస్తుంది, అది సహజమే. దానికి ఐకాల్ లింకు అనే సదుపాయం ఉంది. 1998లో ప్రమాణంగా వచ్చి 2009లో సవరించిన ఐక్యాలెండర్ పద్ధతి అది, పేరున్న సాఫ్ట్‌వేర్లు చాలావరకు దాన్ని అర్థం చేసుకుంటాయి. కానీ ఆ లింకు ఒకవైపే నడుస్తుంది, పైగా గూగుల్ క్యాలెండరు బయటి లింకును గంటల తరబడి ఆలస్యంగా తాజా చేస్తుంది. పొద్దున పదికి మారిన కటాఫ్ సాయంత్రానికి కూడా క్యాలెండరులో మారకపోవచ్చు. కటాఫ్ మారిన రోజున ఫోను చేసి చెప్పండి. ఆ లింకు వచ్చే వారం ఎలా ఉంటుందో చూసుకోవడానికి మాత్రమే పనికొస్తుంది.

ఏ సాఫ్ట్‌వేరు అన్నదాని గురించి నేను పెద్దగా పట్టుబట్టను. ట్రెల్లో 2011లో వచ్చింది, 2017 నుంచి అట్లాసియన్ చేతిలో ఉంది; కార్డులను ఒక వరుస నుంచి ఇంకో వరుసకు వేలితో జరిపే పద్ధతి గనుక మన మనుషులు అరగంటలో నేర్చుకుంటారు. 2024 నుంచి ఉచిత పథకంలో ఒక వర్క్‌స్పేసులో పది మందికి మించి చేరే వీలు లేదు, మీకు ఐదుగురే గనుక అది అడ్డు కాదు. కానీ తేదీలను ఒకదానికొకటి కట్టడం దాని బలం కాదు. ఆ బలం కావాలంటే చెన్నై కేంద్రంగా నడిచే జోహో వారి ప్రాజెక్ట్స్, లేదా అసానా లాంటివి చూడండి. జిరా మాత్రం సాఫ్ట్‌వేరు రాసేవాళ్ల కోసం పుట్టినది, మీ యూనిట్‌కు దాన్ని తేవద్దు.

కొనే ముందు ఒక పరీక్ష తప్పకుండా చేయండి. ఉచితంగా వాడి చూసే గడువులో, కటాఫ్ దాటిపోయిన పాత ఆర్డరు ఒకటి తీసుకుని దాని పన్నెండు అడుగులూ ఎక్కించి, ఒకదానికొకటి కట్టి, కోత తేదీని మూడు రోజులు ఆలస్యంగా మార్చండి. కింది తేదీలన్నీ వాటంతట అవే జరిగాయా లేదా చూడండి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో పనుల మధ్య గీత మాత్రం గీస్తారు, తేదీ జరపరు. లేదా ఆ సదుపాయం పై పథకంలో మాత్రమే ఇస్తారు. గీత కనిపించింది కదా అని మోసపోకండి. ఆ తరువాత అదే ఆర్డరును ఫోనులో తెరిచి చూడండి, ఎందుకంటే చీమకుర్తి యార్డులో ఎవరూ ల్యాప్‌టాప్ తెరవరు. చివరగా, మీ డేటా అంతటినీ ఎక్సెల్ ఫైలుగా దించుకునే వీలుందో లేదో చూసుకోండి. రెండేళ్ల తరువాత వేరేదానికి మారాలనుకుంటే అదే మీకు ఆధారం.

ఐదుగురు ఎవరన్నది కూడా చెబుతాను: మీరు, మార్కెటింగ్ చూసేవారు, క్వారీలో మార్కింగ్ చేసే మనిషి, ఒంగోలు ఆఫీసులో కాగితాలు చూసే అమ్మాయి, ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. వీరిలో చివరి మనిషి విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయవద్దు. నేను ఆయనకు కూడా లాగిన్ ఇచ్చి, ప్రతి బ్లాకు దిగగానే ఫోనులో మార్చమని చెప్పాను. గ్యాంగ్‌సా పక్కన నిలబడే మనిషి చేతుల నిండా రాతి బురద ఉంటుంది. ఆయన ఫోను పాలిథీన్ కవరులో చుట్టి చొక్కా జేబులో ఉంటుంది. రోజుకు ఇరవైసార్లు ఆ కవరు విప్పి, చేతులు తుడుచుకుని నొక్కమనడం న్యాయం కాదు. నెల తిరిగేసరికి ఆయన మార్చడం మానేశాడు, బోర్డులో (ఆర్డర్ల కార్డులన్నీ కనిపించే సాఫ్ట్‌వేరు తెరలో) ఉన్నదంతా పాతబడిపోయింది. తరువాత మేము ఒక పద్ధతి పెట్టుకున్నాము: పొద్దున ఎనిమిదింటికి ఆఫీసు నుంచి ఆ రోజు పనుల కాగితం ఒకటి ప్రింటు తీసి గ్యాంగ్‌సా షెడ్డు గోడకు అంటించడం, ఆయన నీలం చాక్‌తో టిక్కు పెట్టడం, సాయంత్రం ఐదింటికి ఆఫీసు అమ్మాయికి ఆ కాగితం ఫోటో పంపడం, ఆమె బోర్డులో మార్చడం. లాగిన్ ఆయన పేరున అలాగే ఉంది, ఎప్పుడైనా ఆర్డరు వివరాలు చూసుకోవాలనుకుంటే చూసుకుంటాడు. ఇది పెట్టాక బోర్డులోని సమాచారం ఎప్పుడూ ఒక రోజు కంటే పాతబడలేదు.

మొదలుపెట్టేటప్పుడు నడుస్తున్న ఆర్డర్లన్నీ ఒకేసారి ఎక్కించవద్దు. కొత్తగా వచ్చే ఆర్డరు ఒక్కటి ఎక్కించి ఓడ ఎక్కేదాకా నడపండి, అప్పటిదాకా పాతవి డైరీలోనే ఉండనివ్వండి. రెండో ఆర్డరుకు వచ్చేసరికి అడుగుల పేర్లు మీ యూనిట్‌లో మాట్లాడుకునే మాటల్లోకి మారతాయి, అప్పుడు దాన్నే నమూనాగా దాచుకుని ప్రతి కొత్త ఆర్డరుకూ నకలు చేసుకోవచ్చు.

చెన్నైలో మీ కస్టమ్స్ ఏజెంటును కూడా చేర్చాలా అని చివర్లో అడిగారు. బోర్డులో చేర్చవద్దు. ఆయనకు మీలాంటివాళ్లు ముప్పై మంది ఉంటారు, ముప్పై బోర్డులు ఆయన చూడడు. పైగా మీ బయ్యర్ల పేర్లు, ధరలు బయటి మనిషికి కనిపించడం మంచిది కాదు. ఒకే తేదీ రెండు చోట్ల ఉండకూడదన్న నియమానికి ఒక్క మినహాయింపుగా, ఆయనతో కటాఫ్ తేదీల కోసం ఒక చిన్న క్యాలెండరు విడిగా పంచుకోండి, అందులో కంటైనరు బుకింగ్ నెంబరు, ఓడ పేరు, కటాఫ్ తేదీ, సమయం మాత్రం ఉంచండి, మార్చే హక్కు కూడా ఆయనకే ఇవ్వండి. పోర్టులో తేదీ మారిన సంగతి మీకంటే ముందు ఆయనకే తెలుస్తుంది. ఆయన మార్చినప్పుడల్లా మీ ఆఫీసు అమ్మాయికి ఈమెయిలు వచ్చేలా ఆ క్యాలెండరు సెట్టింగులలో పెట్టండి; ఆ మెయిలు చూసిన వెంటనే ఆమె బోర్డులో కటాఫ్ మార్చి, వెనకటి అడుగులకు ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూసి సూపర్‌వైజరుకు ఫోను చేస్తుంది.